తీర్మానానికి ముందు మాట

స్మారకోపన్యాస వేదికల మీద సాహిత్యం గురించో, దేశ చరిత్ర గురించో మాట్లాడటం ఆనవాయితీ. నేను తీసుకున్న విషయం వీధి మట్టంలోది. పురపాలక సంఘం ఒక బైలా చేస్తుంది. చెత్తకు ఎంత కట్టాలో, తోపుడుబండి ఎక్కడ పెట్టుకోవాలో, ఇంటి మురుగు ఎటు వదలాలో అందులో రాస్తుంది. అప్పుడు ఆ ఊళ్లో ఉండేవాళ్ల మాటకు చోటెక్కడ? కౌన్సిల్ సమావేశాలకు జనాన్ని రానివ్వాలి, మాట్లాడనివ్వాలి అన్నది దీనికి మామూలుగా వచ్చే జవాబు. ఆ జవాబు తప్పని అనను. కానీ ఈ వ్యవహారంలో అసలు తలుపు అది కాదు. సమావేశం జరిగే నాటికి నిర్ణయం దాదాపు అయిపోయి ఉంటుంది. ముసాయిదా బయటికి వచ్చిన రోజు నుంచి కౌన్సిల్ దాన్ని చేతిలోకి తీసుకునే రోజు దాకా కొద్ది వారాల గడువు ఉంటుంది. పౌరుడి మాటకు బలం ఉండేది ఆ గడువులోనే. ఆ మాట కాగితం మీద ఉండాలి, దానికి జవాబు కూడా కాగితం మీదే రావాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకలా అంటున్నానో ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు సరస్సులోని లంక గ్రామాల సంగతులతోనే చెబుతాను.

ఏలూరుతో మొదలుపెడదాం. 1866లో పురపాలక సంఘమైన ఊరు 2005 ఏప్రిల్‌లో నగరపాలక సంస్థ అయింది. 2021 ఎన్నికలకు ముందు శనివారపుపేట, సత్రంపాడు, తంగెళ్లమూడి, వెంకటాపురం, చొదిమెళ్ల, పోణంగి, కొమడవోలు అనే ఏడు శివారు పంచాయతీలను అందులో కలిపారు. ఓటర్ల జాబితా వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. మార్చి 10న వేసిన ఓట్లు జూలై 25న గాని లెక్కకు రాలేదు. విలీనం అనగానే పన్ను పెరుగుతుందా, రోడ్డు వస్తుందా అని అందరం అడుగుతాం. అడగని నష్టం ఒకటుంది. శనివారపుపేటలో ఓటున్న మనిషి విలీనం దాకా గ్రామసభలో సభ్యుడు. అక్కడికి అతను చూడటానికో, ఎవరో పిలిస్తేనో వెళ్లడు. ఓటు ఉండటమే అతని సభ్యత్వం. రాజ్యాంగం 243ఎ అధికరణం గ్రామసభను గుర్తించింది. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 6వ సెక్షన్ దాన్ని ఏడాదికి కనీసం రెండుసార్లు పిలవాలంది. జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, ఆ ఏడాది చేయబోయే పనులు, కొత్త పన్నులు వేసే లేదా ఉన్నవి పెంచే ప్రతిపాదనలు ఆ సభ ముందు పెట్టాలంది. విలీనం జరిగిన మర్నాటి నుంచి అదే ఇంట్లో, అదే గుమ్మంలో ఉన్న ఆ మనిషికి అలాంటి సభ లేదు. ఊరు పెద్దదైంది, అతని హోదా తగ్గింది.

ఇది ఏలూరు తెచ్చిపెట్టిన లోపం కాదు, రాజ్యాంగ సవరణల్లోనే ఉంది. 1993లో అమల్లోకి వచ్చిన రెండు సవరణల్లో 73వది పల్లెకు గ్రామసభను ఇచ్చింది. 74వది పట్టణానికి అలాంటిదేమీ ఇవ్వలేదు. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్నచోట వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణంలో రాసి ఊరుకుంది. 2011 లెక్కల ప్రకారం ఏలూరు జనాభా రెండు లక్షల పైచిలుకు, తాడేపల్లిగూడెం లక్ష పైచిలుకు. అంటే రాజ్యాంగం చెప్పిన ఆ కనీసపు ఏర్పాటు కూడా ఈ రెండు ఊళ్లకు తప్పనిసరి కాదు. 2005లో వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం, డబ్బు కావాలంటే పౌర భాగస్వామ్య చట్టం చేయండని రాష్ట్రాలకు షరతు పెట్టింది. దాంతో మన మున్సిపల్ చట్టాల్లోకి వార్డు కమిటీలు, ఏరియా సభలు అన్న మాటలు వచ్చాయి. అవి పుస్తకంలోకి ఎక్కాయి గానీ వీధిలోకి దిగలేదు. మీ ఏరియా సభ ఎప్పుడు జరిగిందని ఏ పట్టణంలో అడిగినా ఆ మాట కొత్తగా విన్నట్టే చూస్తారు.

మరి పట్టణవాసికి మిగిలిందేమిటి? రెండున్నాయి. మొదటిది, కౌన్సిల్ సమావేశాలు బహిరంగంగా జరగాలన్న సూత్రం. మద్రాసు ప్రెసిడెన్సీ 1920 జిల్లా మున్సిపాలిటీల చట్టం కాలం నుంచీ ఇది మన పుర పాలనలో ఉంది. అంటే వెళ్లి కూర్చోవచ్చు, వినవచ్చు. మాట్లాడే హక్కు మాత్రం లేదు. వెళ్లి కూర్చుంటే కనిపించేది ఏమిటో విలేకరులకు బాగా తెలుసు. అజెండాలో పదుల కొద్దీ అంశాలుంటాయి. చదివేవారు నంబరు చదవగానే బల్లల వెనక నుంచి ఆమోదం, ఆమోదం అన్న మాట వినిపిస్తుంది. అప్పటికప్పుడు బల్ల మీదికి వచ్చే అంశాలు వేరే ఉంటాయి. డ్రైన్ల పూడికతీత టెండరుకు గంట పట్టవచ్చు, అందులో పార్టీల పట్టుదల ఉంటుంది గనక. ఊరందరినీ పదేళ్లపాటు కట్టిపడేసే బైలా ఒక్క నిమిషంలో దాటిపోవచ్చు. గ్యాలరీలో కూర్చున్నవాడికి ఆ నంబరు వెనక ఏ కాగితం ఉందో కూడా తెలియదు.

రెండోదాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, విలువ మాత్రం దానికే ఎక్కువ. బైలా చేసే అధికారానికి మన పురపాలక చట్టాలు ఒక షరతు తగిలించాయి. ముందు ముసాయిదాను ప్రచురించాలి, అభ్యంతరాలకూ సూచనలకూ గడువు ఇవ్వాలి, వచ్చినవాటిని పరిశీలించాలి, ఆ తర్వాతే ఆమోదించాలి. దీన్ని ముందస్తు ప్రచురణ అంటారు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్‌లో దీని పద్ధతంతా ఉంది. అంటే సమావేశంలో నోరెత్తే హక్కు ఇవ్వని చట్టమే, సమావేశానికి ముందు రాసివ్వడానికి హక్కు ఇచ్చింది. అది ఓటరుకే పరిమితం కాదు, అద్దెకుండేవారికీ ఉంది, ఆస్తి లేనివారికీ ఉంది. ఇంత విలువైన హక్కు మనకు కనిపించే తీరు చూడండి. పత్రిక లోపలి పేజీలో, పేరు మార్పు ప్రకటనకూ పోయిన పాస్‌బుక్ ప్రకటనకూ మధ్య, వేలి వెడల్పు జాగాలో ఉంటుంది. ముసాయిదా పూర్తి పాఠం కార్యాలయ పనివేళల్లో చూసుకోవచ్చు అన్న వాక్యంతో ముగుస్తుంది. ఆ పాఠం తరచూ ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగును అధికార భాష చేస్తూ 1966లోనే చట్టం చేసుకున్న రాష్ట్రంలో ఇది జరుగుతోంది.

ఈ గడువును నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో చెత్త రుసుము కథ చెబుతుంది. ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలను కేంద్రం 2016 ఏప్రిల్ 8న ప్రకటించింది. ఏడాదిలోగా ప్రతి స్థానిక సంస్థ తన బైలాలు చేసుకోవాలని, వినియోగ రుసుము వసూలు చేయాలని అందులో చెప్పింది. ఆలోచన మంచిదే. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలన్నా, ఇంటింటికీ బండి రావాలన్నా ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. మన రాష్ట్రంలో అది 2021 అక్టోబర్ 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంతో ప్రతి గుమ్మం దాకా వచ్చింది. బైలా నమూనా పైనుంచి వచ్చింది, ధరల చట్రం పైనుంచి వచ్చింది. కౌన్సిళ్లకు మిగిలింది తలూపడం. అసలు చర్చ ఎప్పుడు మొదలైంది? వార్డు సచివాలయ సిబ్బంది రసీదు పుస్తకంతో తలుపు తట్టినప్పుడు. ఒంటరిగా ఉండే ముసలమ్మకూ, అయిదుగురున్న ఇంటికీ ఒకటే రుసుమా? మూడు రోజులకోసారి వచ్చే బండికి నెలంతా కట్టాలా? కిరాణా కొట్టుకూ హోటలుకూ తేడా ఎక్కడ గీస్తారు? ఇవన్నీ ముసాయిదా దశలో అడగాల్సిన ప్రశ్నలు, అప్పుడైతే ఒక క్లాజు మార్చి సరిదిద్దగలిగినవి. గుమ్మం దగ్గర అడిగితే అవి తగాదా అయ్యాయి, ఎన్నికల వేళ నినాదమయ్యాయి. 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చెత్త పన్ను రద్దు ప్రకటించారు. సరిగ్గా మూడేళ్లు. రుసుము పోయినందుకు సంతోషించినవాళ్లను తప్పు పట్టను. కానీ బండి ఖర్చు ఎవరు పెట్టాలన్న ప్రశ్న పోలేదు. దాని గురించి ఊరు కూర్చుని మాట్లాడుకున్నది మొదట్లోనూ లేదు, చివర్లోనూ లేదు.

ఆస్తి పన్ను సంగతి ఇంకా స్పష్టం. అద్దె విలువ మీద వేసే పన్నును మూలధన విలువ మీదికి మారుస్తూ 2020లో రాష్ట్రం చట్టం సవరించింది. నివాసాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం దాకా పరిధి పెట్టి, ఎంతన్నది స్థానిక సంస్థ నిర్ణయించుకోవాలంది. 2021 వేసవిలో పట్టణాలు ముసాయిదా ప్రకటనలు ఇచ్చి అభ్యంతరాలు అడిగాయి. అంటే ప్రజల మాటకు చట్టం తలుపు తెరిచిన అరుదైన సందర్భం. ఆ సమయంలో ఏలూరులో కౌన్సిల్ లేదు. పాత పాలకవర్గం గడువు 2019 జూలైలో తీరింది, కొత్తవారి ఓట్లు ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి. ఇక తాడేపల్లిగూడెంలో 2021 మార్చిలో అసలు ఎన్నికే జరగలేదు. కోర్టు వివాదాల్లో ఆగిపోయిన పట్టణాల్లో గూడెం ఒకటి, పక్కనున్న తణుకు, భీమవరం, పాలకొల్లు కూడా ఆ జాబితాలోనివే. ఆ తర్వాతా ఏళ్ల తరబడి ప్రత్యేకాధికారి పాలనే సాగింది. అక్కడ కౌన్సిల్ తీర్మానమంటే ఒక అధికారి సంతకం. అలాంటి ఊళ్లో కౌన్సిల్ సమావేశాలకు హాజరుకండి అని పౌరుడికి సలహా చెబితే నవ్వుతాడు. హక్కును సమావేశానికి కట్టేస్తే సమావేశం లేని రోజున హక్కు కూడా పోతుంది. ముసాయిదాకు కడితే పోదు. కౌన్సిల్ ఉన్నా, ప్రత్యేకాధికారి ఉన్నా, ముందస్తు ప్రచురణ షరతు చట్టంలో అలాగే ఉంటుంది.

ప్రతినిధులు లేని పుర పాలనను తెలుగువాళ్లు చూడటం ఇది మొదటిసారి కాదు. చీరాల, పేరాల గ్రామాలను మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసినప్పుడు అక్కడి నేతపనివారూ చిన్న రైతులూ అడిగింది ఒకటే. పెరిగే పన్ను మేం మోయలేం, మమ్మల్ని పంచాయతీగానే ఉంచండి అన్నారు. విన్నపాలు పనిచేయలేదు. కౌన్సిలర్లు రాజీనామా చేస్తే జీతం మీద ఒక ఛైర్మన్‌ను పెట్టి నడిపించారు. చివరికి 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లు వదిలి, ఊరి పొలిమేర దాటి, రామనగరం పేరుతో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు బతికారు. స్వాతంత్ర్యోద్యమ ఘట్టంగా దాన్ని చదువుకుంటాం, సరైనదే. పుర పాలన ఘట్టంగా కూడా ఒకసారి చదవాలి. అభ్యంతరాన్ని తీసుకుని జవాబు చెప్పే ఏర్పాటు లేనప్పుడు, అభ్యంతరం చెప్పడానికి మిగిలిన దారి ఊరు వదిలిపోవడమే అయింది.

ఇక ఆక్షేపణలు. మొదటిది న్యాయశాస్త్రం నుంచే వస్తుంది. బైలా చేయడం శాసనం చేయడంలాంటిదని, చట్టం ప్రత్యేకంగా చెబితే తప్ప ప్రతివాడి మాటా వినాల్సిన పని లేదని అంటారు. తులసీపూర్ షుగర్ కంపెనీ కేసులో 1980లో సుప్రీంకోర్టు ఇలాంటి మాటే చెప్పింది. ఒక ప్రాంతాన్ని పట్టణ ప్రాంతంగా ప్రకటించడం శాసన స్వభావం గల పని, సహజ న్యాయం పేరున విచారణ కోరడం కుదరదంది. ఒప్పుకుందాం. కాబట్టే చట్టం తన నోటితో ఇచ్చిన కొద్ది హక్కునూ జాగ్రత్తగా పట్టుకోవాలి. దాన్ని పట్టుకున్న కేసూ ఉంది. 1965 లా రిపోర్టుల్లో కనిపించే రజా బులంద్ షుగర్ కంపెనీ కేసు అది. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ మున్సిపాలిటీ నీటి పన్ను ప్రతిపాదనను హిందీలో ప్రచురించాల్సి ఉండగా ఉర్దూ పత్రికలో ప్రచురించింది. ప్రచురణ తప్పనిసరి అని సుప్రీంకోర్టు చెప్పింది. ఏ భాషలో, ఏ పత్రికలో అన్న పద్ధతిలో కొంత సడలింపు చెల్లుతుందని మెజారిటీ తీర్పు. ఆ సడలింపు మన ఇంగ్లీషు ముసాయిదాలకు ఆసరా కావడం నాకు నచ్చదు గానీ, తీర్పులో గట్టి భాగం మొదటిదే. రెండు కేసుల్లోనూ కోర్టు మెట్లెక్కింది చక్కెర కంపెనీలే కావడం గమనించండి. కోర్టులో గెలుచుకునే హక్కు లాయరు ఫీజు భరించేవాళ్లకు దక్కుతుంది. ముసాయిదా మీద అభ్యంతరం రాయడానికి తెల్లకాగితం చాలు.

రెండో ఆక్షేపణ అధికారుల నుంచి వస్తుంది: జనం రారండీ. గ్రామసభలకే రావడం లేదు, ఇక పట్టణంలో ఎవరొస్తారు? 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. ఒక రోజు ఉత్సాహం ఏడాదంతా ఉంటుందని నేనూ అనుకోను. కానీ జనానికి సభలంటే విముఖత అన్న మాట కొల్లేరు వైపు వెళ్తే నిలబడదు. లంక గ్రామాల్లో కట్టుబాటు అంటే తెలియనివాళ్లు లేరు. ఊరి ఉమ్మడి చెరువు ఎవరికివ్వాలి, పాట ఎంత దాకా పోవాలి, వచ్చిన డబ్బులో గుడికెంత, ఇంటికెంత అన్నవి పెద్దల సమక్షంలో తేల్చుకుంటారు. ఆ రోజు ఊళ్లో ఎవరూ ఇంట్లో కూర్చోరు, తీర్పు తమ కంచం దాకా వస్తుందని తెలుసు గనక. నిర్ణయం నిజంగా అక్కడే జరుగుతుందన్న నమ్మకం ఉంటే జనం వస్తారు. గ్రామసభకు రాకపోవడం బద్ధకం కాదు. అక్కడ ఏమీ తేలదని అనుభవం మీద తెలుసుకున్నారు.

ఆ కట్టుబాటే మూడో ఆక్షేపణకూ దారి తీస్తుంది, ఇది మిగతా వాటికంటే బరువైనది. బహిరంగ సభలో గొంతున్నవాడిదే రాజ్యం. పెద్దలు ఒక మాట అన్నాక ఎదురు చెప్పినవాడికి జరిమానా పడవచ్చు, వెలి పడవచ్చు. అక్కడ ఆడవాళ్ల మాట వినపడేది తక్కువ. పట్టణంలో పెద్దల బదులు బిల్డర్లు, వ్యాపార సంఘాలు, కాలనీ అధ్యక్షులు ఉంటారు. ప్రజల మాట అని మనం తలుపు తెరిస్తే లోపలికి వచ్చేది వాళ్లే కదా? నిజమే. అందుకే నేను సభను కాదని ముసాయిదాను పట్టుకున్నాను. రాసిచ్చిన అభ్యంతరానికి గొంతు అక్కర్లేదు. గూడెం ఉల్లి మార్కెట్ చుట్టూ తోపుడుబండి మీద కూరగాయలు అమ్మే ఆవిడ కమిషనర్ ఎదుట నిలబడి మాట్లాడలేకపోవచ్చు. కూతురి చేత నాలుగు వాక్యాలు రాయించి ఇవ్వగలదు. ఆ నాలుగు వాక్యాలకూ బిల్డర్ల సంఘం నలభై పేజీలకూ విడివిడిగా జవాబు రాయాల్సి వస్తే కొలత సమానమవుతుంది. బలహీనులకు చట్టమే కుర్చీ వేసిన సందర్భమూ ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలని, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలని చెప్పింది. బండ్ల గురించిన ఏ బైలా ముసాయిదా అయినా ముందు ఆ కమిటీ చేతికి వెళ్లిందా అని అడగడం మొదటి అభ్యంతరం కావాలి.

ఎన్నికైన కౌన్సిలర్లుండగా మళ్లీ ఈ తతంగమెందుకు అన్న మాటా వినిపిస్తుంది. ఓటు అయిదేళ్లకోసారి మనుషులను ఎంచుకోవడానికి వేస్తాం. ఫలానా బైలా ఏడో క్లాజుకు వేయం. అభ్యంతరాలు చదివాక కూడా నిర్ణయం కౌన్సిల్‌దే. కౌన్సిలర్ చేతికి అతని వార్డు గురించి అతనికే తెలియని నాలుగు సంగతులు అందుతాయి, అంతే. ఆలస్యమవుతుందన్న వాదనకు చెత్త రుసుమే జవాబు. ముసాయిదా మీద నెల రోజులు మిగుల్చుకోబోయి మూడేళ్లు గుమ్మాల దగ్గర పోగొట్టుకున్నాం.

అయితే అభ్యంతరం చెప్పడమంటే అన్నిచోట్లా ఒకటే కాదని కొల్లేరు అభయారణ్యం వ్యవహారం నేర్పుతుంది. 1999 అక్టోబర్ 4 నాటి 120వ జీవోతో, సముద్రమట్టం నుంచి ఎత్తును బట్టి గీసిన +5 కాంటూరు గీత దాకా 308.55 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. 2008లో శాసనసభ కాంటూరును +3కు తగ్గించమని తీర్మానించింది. వివాదం నేటికీ చల్లారలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో జనం మాట వినే ఏర్పాటు లేకపోలేదు. 21వ సెక్షన్ కింద కలెక్టర్ ప్రకటన ఇస్తారు, రెండు నెలల్లో ఎవరికి ఏ హక్కు ఉందో చెప్పుకోవాలి. కానీ అది హక్కుదారు తన భూమి గురించి చెప్పుకునే క్లెయిము. జిరాయితీ పట్టా ఉన్నవాడికి అందులో రాయడానికి గడి ఉంది. వల వేసుకు బతికేవాడికీ, కూలికీ లేదు. కాంటూరు గీత ఇక్కడ కాక అక్కడ ఎందుకు ఉండకూడదు, లేదా ఇక్కడే ఎందుకు ఉండాలి అని ఊరు ఊరుగా అడగడానికి అసలే లేదు. సరస్సును కాపాడాలన్న పక్షమే నాది. ఆ పక్షం వైపు నుంచే చెబుతున్నాను. గీత ఎందుకు గీశారో లంకల్లో తెలుగులో, రాతపూర్వకంగా, ప్రశ్నకు ప్రశ్నగా జవాబు చెప్పి ఉంటే, వలసపక్షుల మీద కోపం ఇంత పెరిగేది కాదు.

కొల్లేరు ఇంకో చిక్కునూ ముందు పెడుతుంది. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు నీళ్లన్నీ కొల్లేటికే చేరతాయి, అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. ఏలూరు మురుగూ ఆ దారినే పోతుంది. ఏలూరు నగరపాలక సంస్థ మురుగుకాల్వల మీద, సెప్టిక్ ట్యాంకుల ఖాళీ మీద ఒక బైలా చేస్తే, దాని ఫలితం ముందుగా తగిలేది ఏలూరు వాసికి కాదు, ఆ నీటిలో బతికే లంకవాసికి. అతనికి ఏలూరులో ఓటు లేదు, అక్కడి కౌన్సిల్ గ్యాలరీలో అతను పరాయివాడు. సమావేశంలో పాల్గొనే హక్కును ఊరివాళ్ల హక్కుగా చూసినంత కాలం ఇతనికి చోటుండదు. ముసాయిదా మీద అభ్యంతరం చెప్పేవాడి చిరునామా ఫలానా వార్డులో ఉండాలని ముందస్తు ప్రచురణ పద్ధతిలో ఎక్కడా లేదు. నీళ్లకు లేని సరిహద్దు అభ్యంతరానికి ఎందుకు?

బయటి దేశాల సంగతి కొంచెం చెప్పి ముందుకెళ్తాను. బ్రిటన్‌లో 1960లో స్థానిక సంస్థల సమావేశాలకు పత్రికలనూ ప్రజలనూ రానివ్వాలని చట్టం వచ్చింది. దాన్ని ప్రతిపాదించింది అప్పుడే పార్లమెంటుకు వచ్చిన మార్గరెట్ థాచర్, సభలో ఆమె తొలి ప్రసంగమే అది. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం మామూలు సమావేశపు అజెండా 72 గంటల ముందు బయట పెట్టాలి, అజెండా అంశాల మీద ఎవరైనా మాట్లాడవచ్చు. అయినా అక్కడా మైకు ముందు ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు ఇచ్చి, విని, జవాబు చెప్పకుండా ఓటింగుకు పోవడం ఉంది. మాట్లాడనిచ్చారా అన్నదాంతో నాకు తృప్తి లేదు. జవాబిచ్చారా అన్నదే అసలు పరీక్ష.

ఆ జవాబు అడగడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ చదవండి. విధానాల రూపకల్పనలో ప్రజలను సంప్రదించే ఏర్పాటు ఏమిటో, కౌన్సిళ్ల సమావేశాలకు ప్రజలు రావచ్చో లేదో, వాటి మినిట్స్ అందుబాటులో ఉంటాయో లేదో ఎవరూ అడగకముందే ప్రకటించాలని అందులో ఉంది. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్య విధానాలు చేస్తున్నప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని ఉంది. పాలనాపరమైన నిర్ణయాలకు కారణాలు, వాటివల్ల ప్రభావితులైన వారికి చెప్పాలని ఉంది. ఈ సెక్షన్‌నూ ముందస్తు ప్రచురణ షరతునూ పక్కపక్కన పెడితే ఒక నగరపాలక సంస్థ రేపే చేయగల పని కనిపిస్తుంది. ముసాయిదాను తెలుగులో ప్రతి వార్డు సచివాలయం బోర్డు మీద అంటించడం. 2019 తర్వాత రాష్ట్రంలో 3,842 వార్డు సచివాలయాలు వచ్చాయి గనక బోర్డులకు కొదవ లేదు. వచ్చిన ప్రతి అభ్యంతరాన్ని నంబరు వేసి, ఎదురుగా ఒప్పుకున్నామనో, ఎందుకు ఒప్పుకోలేదనో ఒక వాక్యం రాసి, ఆ పట్టికను అజెండాతోపాటే బయట పెట్టడం. కౌన్సిల్ ఆ పట్టిక చూడకుండా ఆమోదం అంటే అది మినిట్స్‌లో కనిపిస్తుంది, తర్వాత అడిగేవాడికి ఆధారం అవుతుంది.

మన వైపు నుంచి చేయాల్సింది కూడా ఉంది. మన ఊళ్లలో అభ్యంతరాలు ఎక్కువగా విన్నపాల భాషలో వస్తాయి: దయతో పరిశీలించగలరు, ప్రజలు ఇబ్బంది పడుతున్నారు. అలాంటి వంద కాగితాలకు గుమస్తా ఒకే వాక్యంతో జవాబు రాసేయగలడు. ముసాయిదాలో ఏ క్లాజు, ఏ మాట, దానివల్ల ఎవరికి ఏం జరుగుతుంది, బదులుగా ఏ మాట ఉండాలి అన్న నాలుగూ ఉన్న కాగితానికి అలా రాయలేడు. ప్రధాన రోడ్డు మీద తోపుడుబండ్లు నిలపరాదు అని ముసాయిదాలో ఉందనుకోండి. నిషేధం అన్యాయం అని రాస్తే అది మొర. ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా ఫలానా సెంటరు నుంచి ఫలానా వీధి వరకు మినహాయింపు ఇవ్వాలి, ఆ వేళ అక్కడ బస్సు రాకపోకలు తక్కువ అని రాస్తే, దాన్ని ఒప్పుకోవాలి లేదా కాదనడానికి కారణం వెతకాలి. వీధి మొత్తం కలిసి ఒకే కాగితం మీద సంతకాలు చేయడం కన్నా, ఎవరి ఇబ్బంది వాళ్లు విడిగా రాసివ్వడం మేలు. అప్పుడు పట్టికలో వరసలు పెరుగుతాయి, ఒక్క జవాబుతో తుడిచేయడం కష్టమవుతుంది. కౌన్సిల్ ఉన్నా, ప్రత్యేకాధికారి ఉన్నా కాగితాలు తీసుకునే కౌంటరు మాత్రం ఉంటుంది. నకలు మీద ముద్ర వేయించుకోండి, తేదీ సరిగా పడిందో లేదో అక్కడే చూసుకోండి. గడువులోపలే ఇచ్చామని తర్వాత నిరూపించుకోవాల్సింది మనమే.